ఇరవై గంటల పది నిమిషాల రైలు

తెల్లదిబ్బ హాల్టు దగ్గర చీకటి పడ్డాక ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు.

మా ఊటుకుంటలో పుట్టిన ప్రతివాడికీ ఉగ్గుతోపాటు పోసిన మాట ఇది. పలకకూడదు, తిరిగి చూడకూడదు, చేతిలో దీపం ఉంటే దాన్ని కనపడనియ్యకూడదు.

హాల్టంటే పెద్ద స్టేషనేం కాదు. నడికుడి దాటాక, గురజాల రాకముందు, మీటరుగేజి పట్టాల పక్కన ఒక రేకుల షెడ్డు, ఒక పసుప్పచ్చ బోర్డు. ప్లాట్‌ఫారం లేదు. రైలు మెట్టు మీంచి కంకర మీదికి దూకాల్సిందే. పొద్దుటి రైలుకి టికెట్లమ్మే మనిషొకడు వచ్చి, అది పోగానే సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు. సాయంత్రం ఆ చుట్టుపక్కల పిట్ట కూడా ఉండేది కాదు.

షెడ్డు వెనకాల పాడుబడిన సున్నపు బట్టీ. దాని చుట్టూ, షెడ్డు ముందుదాకా, నేలంతా తెల్లటి పొడి. వెన్నెల లేని రాత్రిళ్ళు కూడా మసకమసగ్గా కనపడేది.

మా తాతల కాలంలో, కృష్ణ అవతల నుంచి పనికొచ్చిన ఒక ఆడమనిషి ఆ బట్టీలో రాళ్ళ కింద పడి పోయిందంటారు. రాళ్ళు కూలాక కూడా చానాసేపు లోపల్నించి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచిందంట. తవ్వి తీసేసరికి తెల్లారిందంట. ఆ తర్వాత గేదెలు తోలుకొస్తా ఎవడో పలికాడనీ, మూడు రోజుల జ్వరంతో పోయాడనీ... ఇట్టా ఒకటా రెండా!

ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు ఖలందర్ చెప్పాడు. ఒకసారి కాదు, చానాసార్లు.

ఖలందర్ మా ఊరివాడే. ఆయిలింజన్లు బాగుచేస్తాడు. నేను గురజాలలో బట్టలు కుట్టుకుంటున్న రోజుల్లో, సామాన్ల కోసం వచ్చినప్పుడల్లా నా మిషను పక్కన బల్ల మీద కూర్చునేవాడు. టీ తాగేవాడు. కాసేపు ఆ మాటా ఈ మాటా. తర్వాత గొంతు తగ్గించేవాడు.

"ఆ రాత్రి సంగతి చెప్పానా అన్నా నీకు?"

చెప్పావురా అని నేనెప్పుడూ అనలేదు.

అది ఎనభై మూడు, డిసెంబరు నెల. ఖలందర్‌కి ఒక్కతే చెల్లెలు — మాబున్నీసా. గుంటూరు రైలు యార్డులో ఖలాసీగా చేసే అబ్దుల్ రహీమ్‌కిచ్చి అంతకుముందు సంవత్సరమే నిఖా చేశారు. ఆ పిల్లకి ఏడో నెల వచ్చింది. తొలికాన్పు పుట్టింట్లోనే కదా. తల్లి హజ్రా బీ రోజులు లెక్కపెట్టుకుంటా ఉంది.

రహీమ్ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. నాలుగే ముక్కలు.

"లీవు దొరకలేదు. శుక్రవారం మాబున్నీని మాచర్ల పాసింజరు ఎక్కిస్తాను. ఈ నెల నుంచి టైము మారింది. తెల్లదిబ్బకి 20.10. తప్పక రాగలవు."

అంతకుముందు ఆ రైలు పొద్దుండగానే ఐదున్నరకి వచ్చేది. అందుకే టైము మారిందని ప్రత్యేకం రాశాడు రహీమ్. రాయటం రైలోళ్ళ లెక్కలో రాశాడు. రోజూ యార్డులో అదే వినేవాడికి ఇంకో లెక్క ఉంటుందని తోచలేదు.

ఖలందర్‌కి ఆ ఇరవై అర్థం కాలేదు. కార్డు పట్టుకుని బాలకోటయ్య కొట్టుకి పోయాడు. బాలకోటయ్యది మా ఊళ్ళో చిల్లర కొట్టు. సరుక్కి వారం వారం నరసరావుపేట పోయొస్తాడు కాబట్టి ఊరికంతటికీ లోకజ్ఞానం ఆయనదే. రిజిస్టరీ కాయితం దగ్గర్నుంచి మందు సీసా మీద రాత దాకా ఆయనే చదివి చెప్పాలి.

ఆయన కార్డు దూరంగా పెట్టుకుని చూశాడు. దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇదేముందిరా, రైలోళ్ళ టైము. వాళ్ళకి ఇరవై నాలుగు గంటలు. మనకంటే పైకి రాస్తారు. ఇరవైలో పది తీసెయ్, ఎంత?"

"పది."

"అంతే. రాత్రి పదీ పది."

"పది తియ్యాలా బాబాయ్?"

"మరి ఎంత తీస్తావురా? పోయి బండి సంగతి చూసుకో."

శుక్రవారం రాత్రి. హజ్రా బీ పొయ్యి దగ్గర కూర్చుని వంకాయ కూర కలుపుతా ఉంది. బిడ్డకి ఇష్టమని. ఎనిమిది దాటి ఉంటుంది — దూరంగా, చలిగాలిలో కూత వినపడింది.

"రైలు కూసిందిరా ఖలందరూ!"

"అది గూడ్సు లేమ్మా."

"నిన్న కూడా ఈ యాళకే కూసింది..."

"గూడ్సేనమ్మా. మన రైలు పదింటికి. బాలకోటయ్య బాబాయి చూసి చెప్పాడు."

ఆమె కూర దించి మూతపెట్టింది.

ఎనిమిదిన్నర దాటాక పక్కింటివాళ్ళ ఒంటెద్దు బండి కట్టుకుని బయల్దేరాడు ఖలందర్. బండిలో గడ్డి పరిచి, పైన బొంత పరిచాడు. చెల్లెలికి కుదుపు తగలకూడదని. లాంతరు కాడికి కట్టాడు. హాల్టు రెండు మైళ్ళు. తోడు రమ్మంటే ఎవరూ రాలేదు. రారని తెలిసే ఒకళ్ళిద్దర్ని అడిగాడు.

దారంతా మిరప చేలు. చీకటి రోజులు. బండి చక్రం కిర్రుమనటం తప్ప చప్పుడు లేదు.

హాల్టు ఇంకో నూటయాభై గజాలుందనగా — ఎద్దు ఆగిపోయింది.

తోలాడు. కదల్లేదు. తోక మెలిపెట్టాడు. కదల్లేదు. చెవులు నిక్కబొడుచుకుని షెడ్డు వైపే చూస్తా ఉంది. ముక్కులోంచి పొగలాగా ఆవిరి వస్తా ఉంది.

ఖలందర్ బండి దిగాడు. వాచీ చూసుకున్నాడు. తొమ్మిదిన్నర.

ఇంకా నలభై నిమిషాలుంది అనుకున్నాడు. కాడికి కట్టిన లాంతరు విప్పి, దారి చూద్దామని పైకెత్తాడు...

"భయ్యా..."

గాలేమో అనుకున్నాడు.

"భయ్యా... ఖలందర్ భయ్యా..."

ఆడగొంతు. షెడ్డు వైపు నుంచి. సన్నగా, ఈడ్చి ఈడ్చి, మధ్యలో ఊపిరి తెగిపోతా.

ఇక్కడికొచ్చేసరికి ఖలందర్ ఎప్పుడూ ఆగేవాడు. టీ గ్లాసు కింద పెట్టేవాడు.

"నా చెల్లెలి గొంతే అన్నా. అచ్చు దాని గొంతే. కానీ... నువ్వే చెప్పు. రైలు పదీ పదికి. అది ఇంకా రైల్లో ఉంది. ఏ పిడుగురాళ్ళ దగ్గరో ఉంది. మరి ఆ షెడ్డులో నా పేరు పెట్టి పిలిచేదెవరు?"

పేరు పెట్టి పిలిచిద్ది. తెలిసినోళ్ళ గొంతుతోనే పిలిచిద్ది. చిన్నప్పట్నుంచీ విన్నదంతా ఒక్కసారే వాడికి గుర్తుకొచ్చింది. పలకలేదు. లాంతరు కిందికి దించాడు. ఒత్తి తగ్గించాడు...

తగ్గించి, ఆర్పేశాడు.

వెలుగు పోగానే ఆ గొంతు పెద్దదయింది.

"భయ్యా! పోమాక భయ్యా! నేనూ..."

ఎద్దు ముకుతాడు పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఎద్దు వెనక్కయితే మారు మాట్లాడకుండా వచ్చింది. బండి దారి పట్టాలు దాటే చోటు అక్కడికి నలభై యాభై గజాలు. అక్కడిదాకా వచ్చి ఆగాడు.

ఇంటికి పారిపోలేదు. ఆ సంగతి ఖలందర్ ప్రతిసారీ గట్టిగా చెప్పేవాడు. పారిపోవచ్చు. కానీ పదీ పదికి చెల్లెలు దిగిద్ది. కడుపుతో ఉన్న పిల్ల, ఆ షెడ్డు ముందు, ఆ గొంతు ఉన్నచోట దిగిద్ది. రైలు వస్తే వెలుగొచ్చిద్ది, ఇంజను చప్పుడుంటది, మనుషులుంటారు. ఆ వెలుగులో పరిగెత్తి చెల్లెల్ని ఎత్తుకొచ్చెయ్యాలి. అంతవరకూ ఇక్కడే ఉండాలి.

కళ్ళు మూసుకుని, వచ్చిన దువాలన్నీ చదువుకున్నాడు. మధ్యలో తప్పిపోయేవి. మళ్ళీ మొదట్నుంచి.

ఆ గొంతు ఆగలేదు. ఒకసారి భయ్యా అని. ఒకసారి అమ్మా అని. ఒకసారి మాటే కాదు — మూలుగు. గొడ్డు ఈనేటప్పుడు మూలిగినట్టు.

పదీ పది అయింది.

రైలు లేదు. పట్టా మీద చెవి పెట్టి చూశాడు. ఐసుముక్కలాగా చల్లగా ఉంది. ఏ అదురూ లేదు.

పదీ ఇరవై. పదిన్నర.

అప్పుడు... పసిబిడ్డ ఏడ్చింది.

కేర్‌మని ఒక్క ఏడుపు. ఆగింది. మళ్ళీ.

"పేరు పెట్టి పిలిస్తే పలకలేదని, ఇప్పుడు బిడ్డను ఏడిపిస్తా ఉంది అనుకున్నా. ఎట్టాగైనా నన్ను రప్పించాలని."

వేళ్ళు చెవుల్లో పెట్టుకుని, బండి చక్రానికి ఆనుకుని, కిందకి జారి కూర్చున్నాడు. ఎంతసేపో తెలియదు. వేళ్ళు తీసి వింటే ఆ గొంతు — చిన్నగా — దగ్గర్నుంచా దూరంనుంచా తెలియకుండా —

"ఒక్కసారి రా భయ్యా... దీన్ని తీసుకుపో..."

ఆ తర్వాత మాట వినపడలేదు. బిడ్డ ఏడుపు మాత్రం ఉండుండి.

పదకొండున్నరకి పట్టాల మీద ఒక దీపం కనపడింది. ఊగుతా వస్తా ఉంది. దీపం దగ్గరికొచ్చింది. దాని వెనక నీలం కోటు, భుజాన సుత్తి, తలకి మఫ్లరు. రాత్రిపూట పట్టాలు చూసుకుంటా తిరిగే గ్యాంగ్‌మన్ చెన్నకేశవులు.

"ఎవుర్రా అది? ఖలందరా? ఈ యాళప్పుడు ఈడేం చేస్తన్నావ్?"

ఖలందర్ వాడి కోటు పట్టుకున్నాడు.

"రైలు... చెల్లెలొస్తంది. పదీ పది రైలు. లేటా?"

"పదీ పదేంది?"

"పాసింజరు, కేశవులన్నా. మాచర్ల పాసింజరు. ఇరవై పది."

చెన్నకేశవులు దీపం ఎత్తి వాడి మొహం చూశాడు.

"ఇరవై పదంటే ఎనిమిదీ పదిరా. పన్నెండు తియ్యాల. అది టయానికే ఎల్లిపోయిందిగా! గురజాల కాడ నేనే దీపం ఊపా... మూడున్నర గంటలయింది!"

అప్పుడే షెడ్డు వైపు నుంచి మళ్ళీ బిడ్డ ఏడ్చింది.

ఖలందర్ ఎట్టా పరిగెత్తాడో వాడికి తెలియదు. మాబున్నీ... మాబున్నీ... అని ఆ చీకట్లోకి, ఆ పేరు పెట్టి, అరుచుకుంటా పరిగెత్తాడు. ఈసారి ఎవరూ పలకలేదు.

షెడ్డుకి ఇవతల కంకర మీద పడి ఉంది. చీరె, చేతులు, జుట్టు అన్నీ సున్నంతో తెల్లగా. పక్కన, చీరె కొంగులో చుట్టి, బొడ్డుతాడు తెగని పసిగుడ్డు. పిడికెడంత ఆడపిల్ల.

రైలు దిగేటప్పుడు మెట్టు జారి కంకర మీద పడ్డట్టుంది. ఒక చెప్పు పట్టా పక్కనే ఉంది, బట్టల సంచి షెడ్డులో ఉంది. పడ్డ దెబ్బకే నొప్పులొచ్చినయ్యని తర్వాత అందరూ అనుకున్నారు. ఆ మాట చెప్పటానికి ఆమె లేదు.

చెన్నకేశవులు రెండు మైళ్ళూ పరిగెత్తి, గంట తిరిగేసరికి ఊళ్ళోంచి మంత్రసానిని తీసుకొచ్చాడు. మంత్రసాని నాగేంద్రమ్మ మా పెద్దమ్మే. మా ఊళ్ళో సగంమందికి బొడ్డు కోసింది ఆమె. వచ్చేసరికి ఖలందర్ బిడ్డని చొక్కా లోపల రొమ్ముకి అదుముకుని, తల పట్టాకేసి కొట్టుకుంటా ఉన్నాడు. నుదురంతా రక్తం.

"నేనే చంపా పెద్దమ్మా! పిలుస్తానే ఉంది. దీపం ఆర్పేశా. పిలుస్తానే ఉంది!"

పెద్దమ్మ ముందు బిడ్డని తీసుకుంది. చెయ్యవలసింది చేసింది. తర్వాత మాబున్నీసా పక్కన కూర్చుని, దవడ తాకింది. చెయ్యి ఎత్తి చూసింది. వాడి నుదుటి మీద రక్తం వంక చూసింది.

"ఎన్నింటికొచ్చావురా నువ్వు?"

"తొమ్మిదిన్నరకి."

"నువ్వు రాకముందే పోయిందిరా ఇది."

ఖలందర్ తలెత్తాడు.

"ఒళ్ళు కట్టెబారింది చూడు. నీళ్ళాడిన కాసేపటికే పోయి ఉంటది. తొమ్మిదికి ఒక్క నిమిషం ఇటు కాదు. నువ్వు బండి తోలుకొచ్చేసరికే ప్రాణం లేదు. నాకు తెలియదంట్రా? ఎన్ని చూడలేదు!"

"మరి... పిలిచింది? నన్ను పిలిచిందెవరు పెద్దమ్మా?"

పెద్దమ్మ బిడ్డని వాడి చేతుల్లో పెట్టి, "ఎత్తుకో" అంది.

ఖలందర్ చెప్పే కథ ఇక్కడితో అయిపోయేది. ప్రాణం పోయాక కూడా, బిడ్డ కోసం, తన చెల్లెలు రెండు గంటలపాటు తనని పేరు పెట్టి పిలిచిందని చెప్పేవాడు. చెప్తుంటే వాడి చేతుల మీద రోమాలు లేచేవి. నాకూ లేచేవి. ఆ కథ పల్నాడంతా పాకింది. ఆ తర్వాత తెల్లదిబ్బ మీదుగా పగలు పోవడానికి కూడా జనం జంకారు.

బాలకోటయ్య మాబున్నీ జనాజా వెనక ఊరి చివరిదాకా నడిచి, చింతచెట్టు దగ్గర ఆగిపోయాడంట. నెల్లాళ్ళు కొట్టు తియ్యలేదు. తీశాక కూడా ఎవరు ఏ కాయితం తెచ్చినా, "నాకు కళ్ళు కనపడవురా, బళ్ళో పంతులు దగ్గరికి పో" అనేవాడు. రహీమ్ మళ్ళీ నిఖా చేసుకోలేదు. పిల్లకి హలీమా అని పేరు పెట్టి హజ్రా బీ పెంచింది. ఖలందర్ ఆ పిల్లని భుజం మీంచి దించేవాడు కాదు.

అయిదేళ్ళకి పెద్దమ్మ మంచానపడింది. చూడ్డానికి నేను గురజాల నుంచి పోయాను. మాటల్లో హలీమా పేరు వచ్చింది. ఆ రాత్రి సంగతి వచ్చింది. నాకు ఎప్పట్నుంచో అడగాలని ఉంది.

"పెద్దమ్మా, నిజంగా తొమ్మిదిలోపే పోయిందా ఆ పిల్ల?"

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నా.

"తలుపు దగ్గరికెయ్యి," అంది.

వేశాను.

"నేను చెయ్యేసేసరికి దాని చంకలో ఇంకా వెచ్చగానే ఉందిరా."

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను.

"పదకొండు దాకా ఉండుంటది. నెత్తురు పోయి పోయి చచ్చింది. ఆపేవాళ్ళుంటే..." దగ్గింది. "వాడు తల పగలగొట్టుకుంటన్నాడు. అప్పటికే ఒకటి పోయింది. ఇంకోటి నా కళ్ళ ముందు పోతంటే ఏం చెయ్యను? నోటికొచ్చింది చెప్పా. చెన్నకేశవులుకి సైగ చేశా, వాడు నోరు మూసుకున్నాడు."

"ఖలందర్ నమ్మాడుగా పెద్దమ్మా. పోనీలే."

"నమ్మాడు. చీకటి కాబట్టి నమ్మాడు." పెద్దమ్మ చెయ్యి నా మణికట్టు మీద పడింది. "అది చచ్చింది షెడ్డులో కాదురా, బయట కంకర మీద. కంకర మీద ఎందుకుందో వాడు ఈనాటికీ అడగలా. నేను దీపం పెట్టి చూశా. షెడ్డు గడప నుంచి సున్నంలో మోచేతుల జాడ. బిడ్డని రొమ్ము మీద పెట్టుకుని పాకింది. పది గజాలు. వాడి లాంతరు కనపడిన వైపుకే."

బయట ఎవరో బిందె దించిన చప్పుడయింది. పెద్దమ్మ గొంతు ఇంకా తగ్గించింది.

"వాణ్ణి బిడ్డతో బండి ఎక్కించి పంపి, నేనూ చెన్నకేశవులూ ఉండిపోయాం. తెల్లారకముందే ఆ జాడంతా కాళ్ళతో చెరిపేశాం... చెప్పమాక వాడికి."

పెద్దమ్మ ఆ నెల్లోనే పోయింది. చెన్నకేశవులు బదిలీ అయి ఎటో వెళ్ళిపోయాడు.

పెద్దమ్మ దినాలయిన వారానికి ఖలందర్ నా దగ్గరికొచ్చాడు. అయిదేళ్ళ హలీమాకి గౌను కుట్టించాలని గుడ్డ తెచ్చాడు. పిల్ల కూడా వచ్చింది. నేను టేపు పట్టుకుని భుజాలు కొలుస్తున్నా. వాడు బల్ల మీద కూర్చుని, టీ గ్లాసు రెండు చేతుల్లో తిప్పుతా, పిల్లకి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మ పోయిందంటే నమ్మబుద్ధి కావట్లా అన్నా. ఆ రాత్రి ఆమె ఆ మాట చెప్పకపోతే నేను ఆ పట్టాల మీదే పోయేవాణ్ణి. నేనెళ్ళేసరికే అది పోయిందనీ... ఎనిమిదిమ్ముప్పావుకో, తొమ్మిదికో..."

ఆగాడు. నా మొహం వంక చూశాడు.

"నీతో కూడా అట్టానే చెప్పిందిగా అన్నా పెద్దమ్మ?"

టేపు నా చేతుల్లోంచి జారింది. వంగి తీసుకున్నాను. తీసుకోవడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది.

"అట్టానే చెప్పింది ఖలందరూ," అన్నాను.